తోటమ్మ చీరతో జీపు తుడిచారు

ఫ్యాన్లు ఆపడం

మ్యూజియంలో కార్యక్రమాల అధికారిగా చేరిన రోజున నాకు మొదట నేర్పిన పని ఫ్యాన్లు ఆపడం. జ్యోతి ప్రజ్వలన వేళకి సభలో ఫ్యాన్లన్నీ ఆగిపోవాలి. ముఖ్య అతిథి చేతిలో కొవ్వొత్తి ఆరిపోకూడదు. ఆయన దీపం వెలిగించి, ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ వెలిగించి, కుర్చీలో కూర్చున్నాక ఫ్యాన్లు వెయ్యాలి. ఏ శిల్పం ఏ కాలానిదో, ఏ నాణెం ఎక్కడ దొరికిందో నాకెవరూ చెప్పలేదు. ఫ్యాన్ల స్విచ్చి ఎక్కడుందో మాత్రం పదే పదే చూపించారు.

ఇప్పుడీ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్లూ, రాని ప్రమోషన్లూ ఇందులో ఉండవు. కోపం ఉంటుంది. రిటైరయ్యాక బీపీ మాత్రలు వేసుకుంటూ కోపం తెచ్చుకోకూడదని డాక్టరు చెప్పాడు గానీ, ఆయన ఎప్పుడూ ముఖ్య అతిథి కోసం ఎండలో నిలబడలేదు.

మాది టెక్కలి. బాప్టిస్టు సంఘం కుటుంబం, నాన్న మిషన్ స్కూల్లో టీచరు. తొంభైల చివర్లో మా ఊళ్ళోనే, పాత కచేరీ బంగళాని చిన్న మ్యూజియంగా మార్చారు. మా శాఖ పేరు రాయను. ఏ శాఖ పేరు రాసినా ఇదే కథ కాబట్టి.

మొదటి ఏడాది వారసత్వ వారోత్సవాలకి వజ్రపుకొత్తూరు, నందిగాం వైపు బడుల నుంచి పిల్లల్ని పిలిచాం. పొద్దున్నే టిఫిను డబ్బాలు పట్టుకుని బస్సుల్లో వచ్చారు. ముఖద్వారానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. అతిథి వచ్చి దాన్ని కత్తిరించేదాకా లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. పిల్లలు షామియానా కింద కూర్చున్నారు. జీపు చప్పుడు వినిపిస్తే లేచి స్వాగత గీతం పాడమన్నారు. పాపం వాళ్ళు ఏ బండి వచ్చినా పాడారు. కిరాణా సామాన్ల వ్యాన్ వస్తే కూడా పాడారు. ఆ డ్రైవరు బండి ఆపి నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ రోజు వాళ్ళని మనుషులుగా చూసింది అతనొక్కడే.

అతిథి భోజనాల వేళ దాటాక వచ్చాడు. రిబ్బను కత్తిరించి, ఒక గది తొంగిచూసి, మాట్లాడి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయాడు. బస్సుల వాళ్ళు ఆలస్యమైందని హారన్లు కొట్టారు. బస్సెక్కుతూ ఒక పిల్ల నన్నడిగింది.

"మేడం, లోపల ఏటుంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం తెచ్చి, ఇంతసేపు ఎండబెట్టి, లోపల ఏముందో చూపించకుండా పంపించాం. దానికి మేం పెట్టిన పేరు విద్యా కార్యక్రమం.

మరుసటి ఏడు నుంచి నేనొక ఏర్పాటు చేసుకున్నాను. బంగళాకి వెనక వసారా వైపు ఇంకో తలుపుంది. పొద్దున్నే పిల్లల్ని ఆ తలుపులోంచి లోపలికి పంపి, తీరిగ్గా అన్నీ చూపించి, తర్వాత షామియానా కింద కూర్చోబెట్టేదాన్ని. ఒకసారి పైఅధికారికి తెలిసింది. రిబ్బను కత్తిరించకుండా ఎలా చూపించారని నిలదీశాడు. "రిబ్బను ముందు గుమ్మానికే ఉంది కదండీ" అన్నాను. మీరు వెళ్ళే ప్రతి బంగళాకీ వెనక తలుపు ఉంటుంది. చేరిన రోజునే చూసి పెట్టుకోండి.

చేతులు వెనక్కి

పలాస జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు వారపు సెలవు రోజున టెక్కలి సంతకో, ఆసుపత్రికో వచ్చి, పనయ్యాక మ్యూజియంలోకి కూడా వచ్చేవారు. వాళ్ళ వేళ్ళు జీడిసొనకి నల్లబడి, కొన్నిచోట్ల తోలు ఊడి ఉంటాయి. అది కడిగితే పోదు. ఒకరోజు గుమ్మం దగ్గర గార్డు వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి, "సేతులు ఎనక్కి కట్టుకోండి, అద్దాలు మాసిపోతాయి" అంటున్నాడు. బడిలో తప్పు చేసిన పిల్లల్లాగ వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు.

గార్డుని తిట్టాను. అతను పైవాళ్ళు చెప్పారన్నాడు. పైవాళ్ళని అడిగితే అలా చెప్పలేదన్నారు. ఈ ఉద్యోగంలో ఎవరూ ఏదీ చెప్పరు, అన్నీ వాటంతటవే జరుగుతాయి. ఆ తర్వాత వాళ్ళొచ్చినప్పుడల్లా వెనకాల నేను నడిచేదాన్ని. అద్దం మీద చెయ్యి పెడితే పెట్టనిచ్చేదాన్ని. అద్దం తుడవడానికి మాకు జీతం ఇస్తున్నారు.

తోటలోంచి గదిలోకి

ఇక అసలు విషయానికి వస్తాను. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా ఒక ఊరుంది. ఆ ఊరి జీడితోటలో ఒక పెద్ద పనసచెట్టు కింద తాటాకు పందిట్లో ఒక రాతి విగ్రహం ఉండేది. ఊరివాళ్ళు తోటమ్మ అనేవారు. తరాల తరబడి పూసిన పసుపు గట్టిపడి ముఖం గుర్తు తెలియకుండా ఉండేది. ఒంటికి చీర కట్టి ఉండేది. ఏటా పండగనాడు ఊరి ముత్తైదువలు పసుపునీళ్ళలో వేపమండలు వేసిన కుండలు నెత్తిన పెట్టుకుని వచ్చి, అమ్మవారి తలమీద పోసేవారు. ఆ కుండల్నే ముర్రాటలంటారు. ఆ నీళ్ళకి తడిసిన చీర విప్పి, కొత్తది కట్టేవారు. తడిసిన చీరని ఆ ఏడు ఊళ్ళో ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్ళ ఇంటికి ఇచ్చేవారు. రోగి మీద దాన్ని కప్పాలి. రోగి లేచి తిరిగితే చీర ఆ ఇంట్లోనే ఉంటుంది. రోగి చనిపోతే మాత్రం ఉతికి మళ్ళీ అమ్మవారికి ఇచ్చెయ్యాలి. అదీ వాళ్ళ ఆచారం.

ఒక ఏడు తుఫానుకి తోటలన్నీ నేలమట్టమయ్యాయి. పనసచెట్టు పడి పందిరి నుజ్జయింది. అప్పుడు మా అధికారి నరసింగరావుగారు ఆ ఊరు వెళ్ళి, విగ్రహాన్ని భద్రంగా ఉంచుతామని పెద్దల్ని ఒప్పించి మ్యూజియానికి తెచ్చారు. నేను పక్కనే ఉన్నాను. "అమ్మవారు మీదే. మా దగ్గర ఉంటుందంతే. పండగనాడు వచ్చి ముర్రాటలు పోసుకోండి" అని ఆయన తన నోటితో చెప్పారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మాట తప్పలేదు. పండగనాడు విగ్రహాన్ని పెరట్లోకి తెచ్చేవాళ్ళం, పోసుకునేవారు, మేం కడిగి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం. శాస్త్రం చదువుకున్నవాళ్ళు పసుపు రాయికి మంచిది కాదంటారు, నిజమే. అందుకే చిటికెడు పసుపు చాలని ఆడవాళ్ళని బతిమాలుకునేవాళ్ళం. వాళ్ళు వినేవారు. అడిగే తీరులో అడిగితే జనం వింటారు.

నరసింగరావుగారు రిటైరయ్యారు. కొత్తాయన వచ్చాడు. ఆయన పేరు కూడా రాయను. చదువుకున్నవాడే, తెలివైనవాడే. జనం మీద మాత్రం ఒక చిన్నచూపు ఉండేది.

పాత గుడ్డ

కొత్త గ్యాలరీ ప్రారంభోత్సవానికి తోటమ్మని ముఖ్య ఆకర్షణ చెయ్యాలని ఆయన నగరం నుంచి రసాయనాలతో శుభ్రం చేసేవాళ్ళని పిలిపించాడు. పొరలు పొరలుగా పసుపు ఊడదీశారు. లోపల నుంచి పద్మాసనంలో కూర్చున్న జైన తీర్థంకరుడు బయటపడ్డాడు. పొడవాటి చెవులు, మూసిన కళ్ళు, ఒంటిమీద నూలుపోగు లేదు. చాలా అందమైన విగ్రహం, ఆ మాట ఒప్పుకోవాలి. కొత్తాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పత్రికలవాళ్ళకి ఫోన్లు చేశాడు.

ఆ సాయంత్రం మా అటెండరు సింహాచలం మొహం మాడ్చుకుని వచ్చాడు.

"మేడం, అమ్మోరి సీర తోటి జీపు తుడుత్తన్నాడండి డ్రైవరు. నాను ఒద్దన్నాను, ఇనలేదు. పాత గుడ్డే గదా అంతన్నాడు."

పెరట్లోకి పరుగెత్తాను. పసుపు చీర గ్రీజు మరకలతో జీపు అద్దానికి వేలాడుతోంది. దాన్ని లాక్కుని తెచ్చి కొత్తాయన బల్ల మీద పెట్టాను. ఆయన వింతగా చూసి, "ఏమండీ, మీరు క్రిస్టియన్ కదా? మీకెందుకు ఇంత పట్టింపు?" అన్నాడు.

ఆ మాట ఈనాటికీ నన్ను కాలుస్తుంది. మా ఇంట్లో నాన్న చదివిన బైబిలు ఉంది, అట్టలు ఊడిపోయి, మార్జిన్ల నిండా ఆయన రాతతో. ఎవరైనా దాని కాగితాలు చింపి జీపు తుడిస్తే నాకెలా ఉంటుందో నాకు తెలుసు. ఇంకొకరికీ అలాగే ఉంటుందని తెలియడానికి వాళ్ళ దేవుడికి దణ్ణం పెట్టనక్కర్లేదు. ఇదే ఆయనతో అన్నాను. ఫైలు తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు.

పండగ దగ్గర పడుతుండగా తవిటమ్మ వచ్చింది. ఆ ఊరి మనిషి. ఆమె భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఆ తీరంలో అప్పటికే ఇంటింటా ఆ జబ్బు. విశాఖపట్నం తిప్పి తిప్పి, ఇక తిప్పలేక ఇంటికి తెచ్చేసుకున్నారు. ఆ ఏడు అమ్మవారి చీర తన ఇంటికే ఇవ్వాలని ఊరు నిర్ణయించింది. ముందుగా ఒకసారి అమ్మని చూసి చెప్పుకుందామని వచ్చింది. నేను గ్యాలరీలోకి తీసుకెళ్ళాను. విగ్రహం ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"మా అమ్మోరు ఏదమ్మా?"

"ఇదే తవిటమ్మా."

"ఇదేటి, ఈయనెవులు? మా అమ్మ కాదిది."

అన్నీ చెప్పాను. కడిగారని, లోపల తీర్థంకరుడున్నాడని, చీర ఏమైందో కూడా. దాచలేకపోయాను. నా బల్ల సొరుగులో దాచిన చీర తీసి ఇచ్చాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది.

"డీజిలు వాసనొత్తంది. ఇది కప్పితే మా ఇంటాయనకి ఏటి తగ్గుద్దమ్మా?"

అక్కడే నేలమీద కూలబడింది. నాకు ఏడుపు వచ్చింది, పక్కకి తిరిగాను. కాసేపటికి లేచి విగ్రహం దగ్గరికి వెళ్ళి, చాలాసేపు ఆ ముఖంలోకి చూసి, బుగ్గ నిమిరింది.

"మగోడైతే ఏటి గాని, ఇన్నేళ్ళు సీర కడితే ఊరుకున్నాడు గదా. ఇష్టం లేకపోతే అప్పుడే సెప్పును."

ఏడుస్తున్నదాన్నల్లా నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

"అమ్మా, నాకేటీ ఒద్దు. పండగనాడు ఒక కొత్త సీర కడతాను. ముర్రాట పోత్తాను. ఆ తడి సీర అట్టుకెల్లిపోతాను. బేగి ఇప్పించమ్మా, ఆయన ఎన్నాల్లో ఉండడు."

ఆమెకి కావలసింది అంతే.

మైకులో పడింది

ప్రారంభోత్సవం సరిగ్గా పండగనాడే పెట్టారు. అతిథి ఆ రోజే ఖాళీ అట. కొత్తాయన దగ్గరికి వెళ్ళి, సభ అయ్యాక పెరట్లో ముర్రాటలు పోసుకోనివ్వమని అడిగాను. మంచినీళ్ళే పోస్తారు, వెంటనే తుడిచేస్తాం, పాత అధికారి ఇచ్చిన మాట ఉంది అన్నాను.

"ఇది మ్యూజియమా, గుడా? మాటకి కాగితం ఉందా?"

"కాగితం లేదండీ. ఊరంతా విన్నారు."

"అయితే ఊరినే అడుక్కోండి."

ఆ రోజు షామియానా, బ్యానరు, పూలదండలు. వేదిక పక్కన పీఠం మీద విగ్రహం. గేటు బయట ఊరి ఆడవాళ్ళు కుండలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు, ముందు తవిటమ్మ. కానిస్టేబుళ్ళు అడ్డంగా కర్రలు పెట్టారు. కుండ దించకూడదు కాబట్టి వాళ్ళు ఎండలో అలాగే నిలబడ్డారు. లోపల నేను మైకు పట్టుకుని సభ నడిపిస్తున్నాను. వ్యాఖ్యాత పని ఎప్పుడూ నాదే.

అతిథి మాట్లాడుతూ విగ్రహం వైపు చెయ్యి చూపించి, "మన జనం అమాయకత్వం చూడండి. మగవాడికి చీర కట్టి, పసుపు రాసి, అమ్మా అమ్మా అన్నారు" అన్నాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. గేటు దగ్గర కూడా లౌడ్‌స్పీకరు ఉంది. బయట అందరికీ వినబడింది. తవిటమ్మ తల తిప్పుకోవడం నాకు కనిపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో నేనొకటి గమనించాను. మా సభల్లో ఎవడూ ఎవడి మాటా వినడు, కానీ మైకులో ప్రకటించిన దాన్ని ఆపే ధైర్యం ఎవడికీ ఉండదు. ఒకసారి మైకులో పడితే అది కార్యక్రమం. ప్రసంగం అయిన వెంటనే మైకు దగ్గరికి వెళ్ళి, ఆహ్వాన పత్రంలో ఉన్నదే చదువుతున్నట్టు తాపీగా చదివాను.

"తదుపరి అంశం, ముర్రాటల సమర్పణ. గౌరవనీయులైన ముఖ్య అతిథిగారి సమక్షంలో, ఈ విగ్రహాన్ని తరతరాలుగా కాపాడిన గ్రామ మహిళలు తమ సంప్రదాయం ప్రకారం అభిషేకం చేస్తారు. దయచేసి గేటు తెరవవలసిందిగా పోలీసువారిని కోరుతున్నాము."

కొత్తాయన మొహం పాలిపోయింది. అతిథిగారు మాత్రం లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు, ఫొటోగ్రాఫర్లు ముందుకొచ్చారు. కానిస్టేబుళ్ళు కర్రలు తీసేశారు. సింహాచలం పరుగున వెళ్ళి గేటు బార్లా తెరిచాడు. ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. తవిటమ్మ ఎవరివైపూ చూడలేదు. కొత్త చీర మడత విప్పి విగ్రహానికి చుట్టింది, కుచ్చిళ్ళు సరిచేసింది. కుండ తీసి తలమీద పోసింది. నీళ్ళు చెవుల మీదుగా, భుజాల మీదుగా పాదాల దాకా కారాయి. తర్వాత ఆ తడి చీర విప్పి గుండెకి పట్టుకుని, వచ్చిన దారినే బయటికి వెళ్ళి ఆటో ఎక్కేసింది. మర్నాడు పేపర్లలో అతిథిగారు ముర్రాటలు పోయించారని వచ్చింది. పోనీ.

ఆ తర్వాత నాకొచ్చిన కాగితాల గురించి రాయను. మా సంఘంలో కూడా ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక ఆపి, "అమ్మాయ్, విగ్రహానికి మైకు పట్టావంట" అన్నాడు. "మనిషికి పట్టానండి" అన్నాను.

తిరిగి ఇవ్వడం

తవిటమ్మ భర్త బతకలేదు. కబురు తెలిసి వెళ్ళాను. గుమ్మంలో తవిటమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆఖరి రోజుల్లో ఆయన ఆ చీర ఒంటిమీద నుంచి తియ్యనివ్వలేదట. "సల్లగుందే అన్నాడమ్మా" అంది. చీర నయం చేస్తుందని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఆ ఒక్క మాట కోసమైనా ఆ చీర అక్కడికి చేరాల్సిందే.

మరుసటి పండగకి విగ్రహం చుట్టూ అద్దాల బీరువా వచ్చింది. తాళం వేశారు. ఇంకెవరూ నీళ్ళు పొయ్యకుండా కొత్తాయన చేసిన ఏర్పాటు. పండగనాడు సభ లేదు, మైకు లేదు. గార్డు ముర్రాటలని గేటు దగ్గరే ఆపేశాడు. ఆడవాళ్ళు కాసేపు గొడవపడి, గేటు ముందు నేలమీదే పోసేసి వెళ్ళిపోయారు. తర్వాతి ఏడు రాలేదు. ఒక ఊరి పండగని అలా ఆపేశాం. ఎవరికీ ఏ శిక్షా లేదు, ఎవరూ తప్పు చేసినట్టు కూడా లేదు.

గేటు దగ్గర గొడవైన రోజే, అందరూ వెళ్ళిపోయాక తవిటమ్మ ఒక్కతే లోపలికి వచ్చింది. భర్త పోయాడు కాబట్టి కుండ ఎత్తదు. చేతిలో ఉతికి మడతపెట్టిన చీర.

"ఆయమ్మది ఆయమ్మకి ఇచ్చీయాలి గదమ్మా."

తాళంచెవి నా దగ్గరే ఉండేది. అద్దం తెరిచి, చీర తీసుకుని విగ్రహం పాదాల పక్కన పెట్టాను. తవిటమ్మ చూసింది, తలాడించింది, వెళ్ళిపోయింది. కొత్తాయన అదేమిటని అడిగాడు. "ఆవిడదేనండి" అన్నాను. నేనున్నన్నాళ్ళూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

మొన్న పెన్షను పనిమీద వెళ్ళినప్పుడు గ్యాలరీలోకి తొంగిచూశాను. తీర్థంకరుడు ఉన్నాడు. చీర లేదు. ఇప్పుడు నా కుర్చీలో ఉన్నది ఒక అమ్మాయి, పలాస పిల్ల, కొత్తగా చేరింది. అడిగాను.

"ఏదో పాత గుడ్డ ఉంటే తీయించేశాను మేడం. ఎందుకుందో ఎవరికీ తెలీదన్నారు."

సామాన్ల గదికి తీసుకెళ్ళింది. మూలన మా పాత మైకు సెట్టు ఉంది. దుమ్ము పడకుండా దానిమీద తోటమ్మ చీర కప్పి ఉంది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఆమెకి ఫ్యాన్ల స్విచ్చి చూపించి ఉంటారు, రిబ్బను ఎక్కడ దొరుకుతుందో చెప్పి ఉంటారు. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. చీర దులిపి, మడతపెట్టి, ఆమె చేతుల్లో పెట్టాను. ఆ గదిలో నిలబడే మొదటి నుంచి చెప్పాను, పనసచెట్టు దగ్గర నుంచి డీజిలు వాసన దాకా, గేటు దగ్గర నుంచి "సల్లగుందే" అన్న మాట దాకా.

నేను చెప్పడం ముగించేసరికి ఆమె చీరని ఒక చేత్తో గుండెకి పట్టుకుని, రెండో చేత్తో గోడ మేకుకి ఉన్న తాళాల గుత్తిలో అద్దాల బీరువా తాళంచెవి వెతుకుతోంది.